శాసనాలను మింగే బట్టీ

కొండ మలుపు తిరగగానే రెండు గుర్రాలూ ముందుకాళ్ళు బిగబట్టి నిలిచిపోయాయి. లోయలోంచి తెల్లటి పొగ సుడులు తిరుగుతూ పైకి లేస్తోంది. గాలి నిండా కాలిన రాతి వాసన.

"ఆలస్యమైపోయింది ఆచార్యా!" అంటూ రత్నకూట యువరాజు హేమాంగదుడు జీను మీద నుంచి కిందికి దూకాడు.

రెండో గుర్రం మీదున్న ముసలాయన గాలి వైపు మొహం తిప్పాడు. ఆయన పేరు భృంగిశర్మ. నలభై ఏళ్ళుగా పాడుబడ్డ ఊళ్ళ వెంట, కూలిన గోడల వెంట తిరిగి, రాళ్ళ మీది పాతకాలపు రాతలను తాటాకుల్లోకి ఎక్కించుకున్న మనిషి. రాజధానిలో అందరూ ఆయన్ను రాళ్ళ శర్మ అనేవారు. చూపు మందగించి నాలుగేళ్ళయింది. ఇప్పుడు అక్షరాలను వేళ్ళతో తడిమి చదువుతాడు.

ఆయన ముక్కు ఎగబీల్చి వాసన చూశాడు. "పచ్చికట్టె పొగ ఇది. బట్టీని ఈ పొద్దున్నే ముట్టించి ఉంటారు. పైవరసకు ఇంకా సెగ ఎక్కి ఉండదు. నడు నాయనా, నడు!"

రెండు రోజులుగా ఆ ఇద్దరికీ కాలు ఒకచోట నిలవలేదు. దానికి కారణం ధూమ్రజటుడనే మాంత్రికుడు. పక్షం కిందట అతడు రత్నకూట సభలోకి నేరుగా నడిచివచ్చి, మూడు రాగిరేకులను సింహాసనం మెట్ల మీద విసిరాడు. వెయ్యేళ్ళనాడు ఈ దేశాన్ని ఏలిన శంఖపాల వంశానికి ధూమ్రజటుడే వారసుడని, గద్దె అతడికే చెందాలని ఆ రేకుల్లో ఉంది. భృంగిశర్మ వాటిని తడిమి చూసి నవ్వేశాడు.

"మహారాజా, మనుషుల్లాగే అక్షరాలకూ వయసుంటుంది. ఈ మకారం తోక ఇలా వంకర తిరగడం శంఖపాలులు పోయిన మూడొందల ఏళ్ళకు గాని మొదలుకాలేదు. ఇవి దొంగ రేకులు" అన్నాడు.

మాంత్రికుడు చలించలేదు. "ముసలివాడి వేళ్ళు సాక్ష్యమా? శంఖపాలుల రాయి చూపించండి. రాయి నన్ను కాదంటే వచ్చిన దారినే పోతాను" అన్నాడు. సత్యం తప్పని మహాసేన మహారాజు నిండుసభలో ఒప్పుకున్నాడు. పౌర్ణమి నాటికి రాయి ఏం చెబితే అదే తీర్పు. ఆ పౌర్ణమి ఎల్లుండే.

శర్మకు తెలిసిన రాయి ఒక్కటే. శంఖిని నది ఒడ్డున, శంఖపాలుల పాత రాజధాని శంఖవతిలో, దీపాలదిన్నె మీద నిలిపిన వంశావళి ఫలకం. పడుచుతనంలో ఆయన దాని పైభాగం చదివాడు. కింది సగం మట్టిలో పూడిపోయి ఉంది. వంశం ఎలా ముగిసిందో ఆ కింది సగమే చెప్పాలి. వారు బయలుదేరిన నాడే ఒక వార్త తెలిసింది. ధూమ్రజటుడి సేనాని గండకుడు దిన్నెను తవ్వించి, చెక్కడపు రాళ్ళన్నిటినీ సున్నపు బట్టీకి ఎక్కిస్తున్నాడట!

గుర్రాలను పొదల చాటున కట్టేసి ఇద్దరూ వేషం మార్చారు. మోకాళ్ళ దాకా ముతకపంచె, తలకు గుడ్డ, భుజాన ఉలులూ సుత్తీ ఉన్న గోనెసంచి. అరిగిన రోళ్ళకూ తిరగళ్ళకూ ఉలితో గంట్లు పెట్టి కక్కులు కొడుతూ ఊరూరా తిరిగేవారి వేషం అది. రాళ్ళున్న చోటికి అలాంటివాళ్ళు వెళితే ఎవరూ అనుమానించరు.

"అక్కడ నన్ను యువరాజా అనకండి. ఒరేయ్ అల్లుడూ అనండి" అన్నాడు హేమాంగదుడు.

శర్మ తల అడ్డంగా ఊపాడు. "నా నోరు తిరగదు యువరాజా."

"తిరగాలి మామా!"

కొండ దిగుతుంటే శంఖవతి కళ్ళబడింది. ఆకాశాన్ని మోస్తున్నట్టు ఏడు ఒంటిస్తంభాలు. వాటి తలల మీద వీపుకు వీపు ఆనించి కూర్చున్న సింహాలు. పల్లేరు ముళ్ళ మధ్య వెయ్యేళ్ళుగా వాడని పాలరాతి తామరలు. చుక్క నీరు లేని కొలనులోకి దిగుతూ మధ్యలోనే ఆగిపోయిన మెట్లు. కూలిన తోరణం మీద పూలదండ మోసే మరుగుజ్జుల వరస ఇంకా ఊరేగుతూనే ఉంది, ముందు నడిచేవాడికి తల లేదు. నెమళ్ళు సభామంటపంలో పురి విప్పుకుని తిరుగుతున్నాయి. ఈ వైభవం నడిబొడ్డున, తాటిచెట్టంత ఎత్తున, ఇటుకలతో కట్టిన గుండ్రటి బట్టీ నోరు తెరుచుకుని ఉంది. దాని చుట్టూ సున్నపు ధూళి పట్టి దయ్యాల్లా తెల్లబడిన కూలీలు. ఒకపక్క పగలగొట్టిన బొమ్మల గుట్ట. చేతులు, కాళ్ళు, రెక్కలున్న సింహాల మొండేలు, నవ్వుతున్న సగం మొహాలు.

ఒక కూలీ సమ్మెట పైకెత్తాడు. దాని కింద ఏనుగు మీద ఊరేగుతున్న రాణి బొమ్మ ఉంది.

"ఆగవయ్యా!" భృంగిశర్మ నోట్లోంచి కేక దానంతటదే వచ్చేసింది.

సమ్మెట ఆగింది. కూలీలంతా ఇటు తిరిగారు. వాళ్ళలోంచి యాభై ఏళ్ళ ఆడమనిషి ఒకతె చీరచెంగు నడుముకు బిగించుకుంటూ ముందుకొచ్చింది. సున్నం తిని పగుళ్ళువేసిన చేతులు, నిప్పు చూసి చూసి ఎర్రబడిన కళ్ళు. బట్టీకి పెద్ద ఆమే. పేరు కాటమ్మ.

"ఎవురయ్యా మీరు? యాడ్నించి వస్తండారు?"

"రోళ్ళకు కక్కులు కొడతామమ్మా. నేనూ, మా అల్లుడూ."

"కక్కులు కొట్టేవోడికి బొమ్మ పగిలితే ఏడుపెందుకు?"

"మంచి రాయి తల్లీ. రాయి మీద బతికేవాడికి మంచి రాయి పాడైపోతుంటే కడుపు మండదా?"

కాటమ్మ మొహంలో బిగువు కాస్త సడలింది. "మండుద్ది. నాకు మాత్తరం మండదా? మా అమ్మా, మా అవ్వా నదిలో గులకరాయి ఏరి కాల్చినారే గాని ఈ దిన్నె మీద చెయ్యి ఎయ్యలేదు. ఏం చేసేది? గండకుడు మా ఊరి ఎడ్లన్నిటినీ తోలకపోయి కోటలో కట్టేసినాడు. దిన్నె ఖాళీ అయితేనే ఇడిచిపెడతాడంట."

హేమాంగదుడికి నిలకడ లేదు. పొగ రంగు మారుతోంది. తెలుపులోంచి నీలంలోకి తిరుగుతోంది. అతడు ఒక్క అడుగు ముందుకు వేసి, "తల్లీ, నిలువెత్తు రాయి ఒకటి ఉండాలి. పైన శంఖం గుర్తు, కిందిదాకా రాతలు. అదెక్కడుంది?" అని అడిగేశాడు.

కాటమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది. అతడి కళ్ళలో తొందర చూసిందో, మరేం చూసిందో, గడ్డంతో బట్టీ కొసను చూపించింది.

"పైవరసలో ఉంది. దానిమీద సుత్తి పడితే చెయ్యి పడిపోద్దని మా అవ్వ చెప్పేది. అందుకే పగలగొట్టనీకుండా అట్టనే ఎత్తించినా. రాతలు చూస్తే భయమేసి బోర్లా పెట్టించినా."

ఇంతలో గుర్రాల డెక్కల చప్పుడు. పదిమంది రౌతులతో గండకుడు తోరణం కింద నుంచి దూసుకొచ్చాడు. ఎలుగుబంటి తోలు కప్పుకున్న భారీ మనిషి. కొత్త మొహాలు కనబడగానే కళ్ళెం లాగాడు.

"ఎవరు వీళ్ళు?"

"కక్కులు కొట్టేవోళ్ళంట దొరా" అంది కాటమ్మ.

గండకుడు అక్కడ దొర్లుతున్న తిరగలిరాయిని కొరడాతో చూపించాడు. "ఏదీ, కొట్టు చూద్దాం."

హేమాంగదుడు కూర్చుని ఉలి ఆనించాడు. కత్తి పట్టడం నేర్చిన చెయ్యి అది. మొదటి దెబ్బ రాతి మీద పడింది, రెండోది బొటనవేలి మీద పడింది. రౌతులు గొల్లుమన్నారు.

"నిన్నగాక మొన్న పెళ్ళయింది దొరా. మనసంతా ఇంటి దగ్గరే ఉంది. ఒరేయ్ అల్లుడూ, ఇటు చూసి కొట్టరా!" అన్నాడు శర్మ, గుండె చిక్కబట్టుకుని.

గండకుడు కూడా నవ్వి గుర్రాన్ని మళ్ళించబోయాడు. అంతలో అతడి చూపు ముసలాయన చేతి మీద పడింది. శర్మ ఏ పక్కకు ఒరిగాడో ఆ పక్కనే ఒక విరిగిన ఫలకం ఉంది. దాని మీది అక్షరాల వెంట ఆయన వేళ్ళు వాటంతటవే జరుగుతున్నాయి. ఆగి, వెనక్కు వెళ్ళి, మళ్ళీ తడుముతున్నాయి. పెదవులు కూడబలుక్కుంటున్నాయి.

"కక్కులు కొట్టేవాడికి చదువెందుకురా? వీడు రాళ్ళ శర్మ! పట్టుకోండి!"

హేమాంగదుడు చేతిలోని సుత్తిని విసిరాడు. అది గండకుడి గుర్రం నుదుటికి తగిలి, గుర్రం రెండుకాళ్ళ మీద లేచింది. గండకుడు బొమ్మల గుట్ట మీద వెల్లకిలా పడ్డాడు. ఆ గందరగోళంలో యువరాజు దగ్గర్లోని రౌతు కాలు పట్టి కిందికి లాగి, వాడి కత్తి లాక్కుని, శర్మను భుజాన వేసుకుని బట్టీ వైపు పరుగెత్తాడు. దారిలో సున్నం చల్లార్చే నీళ్ళతొట్టి ఉంది. అక్షరాల అచ్చుకు పనికొస్తుందని తన తలగుడ్డను అందులో ముంచాడు. రాళ్ళు పైకి చేర్చే ఏటవాలు మట్టిగట్టు మీదుగా కొసకు ఎగబాకాడు. ఆ గట్టు ఒక్క మనిషి పట్టేంత వెడల్పే. ఎందరొచ్చినా ఒకరి వెనక ఒకరే రావాలి.

పైన కాళ్ళ కింద సెగ. రాళ్ళ సందుల్లోంచి నిప్పురవ్వలు మిణుగురుల్లా ఎగురుతున్నాయి. మధ్యలో నిలువెత్తు ఫలకం బోర్లా పడి ఉంది. హేమాంగదుడు అక్కడున్న గునపం దాని కిందికి గుచ్చి బలమంతా పెట్టి ఎత్తాడు. నరాలు ఉబ్బాయి. రాయి పక్కకు లేచింది, నిలిచింది, దభాలున వెల్లకిలా తిరిగింది. పైకొసన శంఖం, అక్కడి నుంచి అడుగుదాకా తీర్చిన అక్షరాలు.

"కింది సగం! నలభై ఏళ్ళు! నలభై ఏళ్ళు ఎదురుచూశాను దీనికోసం" అన్నాడు శర్మ.

"తర్వాత సంతోషించండి ఆచార్యా, ముందు పని కానివ్వండి!" అంటూ హేమాంగదుడు గట్టు కొసన కత్తి పట్టుకుని నిలబడ్డాడు. మొదటి రౌతు అప్పటికే మీదికి వస్తున్నాడు.

భృంగిశర్మ తడిగుడ్డను అక్షరాల మీద పరిచి, అరచేత్తో అదిమి అదిమి కొట్టాడు. గుడ్డ గంట్లలోకి దిగి బుసబుసా ఆవిరి కక్కింది. అచ్చు తీయడానికి తెచ్చిన మసి పొట్లం ఎక్కడో జారిపోయింది. ఆయన వెతకలేదు. ఇటుకల మీది మసిని చేత్తో తుడిచి గుడ్డ మీద అద్దాడు. నల్లటి గుడ్డ మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటిగా తేలి వచ్చాయి.

కింద మొదటి రౌతు గట్టు మీంచి దొర్లాడు. రెండోవాడు వాణ్ణి దాటి వచ్చాడు. మూడోవాడి బల్లెం యువరాజు పక్కటెముకలను గీరుకుంటూ పోయింది.

అప్పుడు పొగ కదిలింది. గాలికి ఎదురుగా తిరిగి, జటలు కట్టింది. ఆ జటల మధ్య రెండు ఎర్రటి కళ్ళు తెరుచుకున్నాయి. ధూమ్రజటుడి గొంతు బట్టీ కడుపులోంచి వచ్చినట్టు మోగింది.

"యువరాజా, తొందరపడకు. ఆ ముసలివాడు ఆఖరి వరస చదివితే నేనొక్కణ్ణే చెడను. అక్కడ మీ మూలపురుషుడి పేరుంది. దాన్ని కాలనివ్వు. నా రేకులు నేను తీసుకుపోతాను. మీ తండ్రి గద్దె మీదే ఉంటాడు, తర్వాత నువ్వుంటావు. నాకు మంత్రిపదవి చాలు."

హేమాంగదుడు కత్తి దించకుండానే తల తిప్పాడు. శర్మ గుడ్డను ఒలిచి చేతిలో పట్టుకున్నాడు. దానికి అందని ఒక్క వరస ఫలకం అడుగున మిగిలి ఉంది. అక్షరాలు చిన్నవి, ఇరుకు. అప్పటికే రాయి ఎర్రబారుతోంది. ఆయన వేళ్ళు గాలిలో ఆగిపోయాయి. యువరాజు నోటి మాట కోసం చూస్తున్నాడు.

"మీ మసక చూపుకు నా మొహం కనబడుతోందో లేదో గాని ఆచార్యా, చదవండి! ఉన్నది ఉన్నట్టు చదవండి!"

భృంగిశర్మ పదివేళ్ళూ కాలుతున్న రాతి మీద ఆనించాడు. చర్మం చుర్రుమంది. ఆయన అరవలేదు. వేళ్ళు ఎత్తకుండా, ఒక అక్షరం నుంచి మరో అక్షరానికి జరుపుతూ, ఆఖరిదాకా వెళ్ళాడు.

"ఇది పై వరసలు చెక్కిన చెయ్యే, కాని వణికిన చెయ్యి. తొందరలో చెక్కింది" అంటూ గొంతెత్తి చదివాడు. "ఆ రాత్రి శత్రువులకు కోట తలుపు తీసి, రాణిని పట్టి ఇచ్చి, కిరీటం తన తలకు పెట్టుకున్నవాడు అశ్వసేనాని వీరకంపుడు. చూశాను, చెక్కాను. నేను శిల్పి కొండనాగుణ్ణి."

వీరకంపుడు! రత్నకూట రాజవంశానికి మొదటి రాజు. ఏటేటా విజయదశమి నాడు హేమాంగదుడు ఆయన ఖడ్గం ముందు మోకరిల్లేవాడు. ఇప్పుడు మోకరిల్లడానికీ, కుమిలిపోవడానికీ వ్యవధి లేదు. నాలుగో రౌతు మీద పడ్డాడు. యువరాజు వాణ్ణి తన్ని తోశాడు.

పొగలోని కళ్ళు మండిపోయాయి. "అయితే మీ ఇద్దరూ ఇక్కడే సున్నమైపోండి!"

మాంత్రికుడు ఏదో ఉచ్చరించాడు. బొమ్మల గుట్ట పెళపెళలాడింది. రెక్కలున్న సింహాల మొండేలు లేచాయి. ఒకదానికి వెనకకాళ్ళు లేవు, ముందుకాళ్ళతోనే దేకుతూ వచ్చింది. ఒకదానికి తల లేదు, మెడలోంచే గర్జించింది. ఒక రాతి మకరం తన సగం దవడతో దారిలో ఉన్న రౌతునే నమిలి పారేసింది. కూలీలు కేకలు పెడుతూ చెల్లాచెదురయ్యారు. సింహాలు మట్టిగట్టును గోళ్ళతో చీల్చుకుంటూ పైకి ఎక్కసాగాయి. హేమాంగదుడి కత్తి మొదటి సింహం భుజానికి తగిలి రెండు ముక్కలైంది.

"ఆచార్యా, దూకగలరా?"

శర్మ దూకలేదు. దగ్గరకొచ్చిన సింహం పంజా కిందికి వంగి చూశాడు. కంటికి ఏమీ ఆనలేదు. కాలిన వేలితోనే తడిమాడు. పంజా అడుగున చిన్న పడగ గుర్తు. ఫలకం అడుగున శిల్పి పేరు పక్కన వేలికి తగిలిందీ అదే గుర్తు.

"కొండనాగుడు!" అని ముసలాయన బిగ్గరగా అరిచాడు. "మిమ్మల్ని చేసినవాడు కొండనాగుడు! ఆ పేరు మీద చెబుతున్నాను, నిలవండి!"

పైకెత్తిన పంజా అలాగే ఆగింది. తల ఉన్నవి తల తిప్పాయి, లేనివి మెడ తిప్పాయి. వెయ్యేళ్ళుగా ఎవరూ పలకని పేరు అది. మరుక్షణం అవి పొగ వైపు తిరిగి ఉరికాయి. పొగకు దేహం లేదు. సింహాల బరువంతా బట్టీ గోడకు తగిలింది. గోడ బద్దలైంది. నిప్పులూ రాళ్ళూ కలిసి లోపలికి కుంగిపోయాయి. వంశావళి ఫలకం ఒకసారి నిలువుగా లేచి, మంటల్లోకి జారి, ముక్కలైంది.

హేమాంగదుడు గుడ్డను రొమ్ముకు చుట్టుకుని, శర్మను ఎత్తుకుని, కూలుతున్న గట్టు మీంచి కిందికి దూకాడు. ఇద్దరూ సున్నపు ధూళిలో దొర్లి లేచేసరికి కాటమ్మ ఎదురుగా నిలబడి ఉంది.

"నది కాడ నా పుట్టి ఉంది. ఏగిరం రండి" అంది.

ముగ్గురూ పరుగెత్తారు. వెనక గండకుడు బొమ్మల కిందనుంచి లేచి, మిగిలిన రౌతులను కేకవేస్తున్నాడు. తోలు కప్పిన గుండ్రటి పుట్టిని కాటమ్మ ఒక్క తోపుతో నీళ్ళలోకి నెట్టింది. బాణాలు చుట్టూ నీళ్ళలో పడ్డాయి. ఒకటి పుట్టి అంచులో దిగబడింది. పొద్దు కొండ అంచుకు దిగింది, నది ఎర్రగా మెరుస్తోంది.

"రాయి పోయింది" అన్నాడు హేమాంగదుడు రొప్పుతూ. "మా తండ్రి ఇచ్చిన మాట రాయి గురించి. గుడ్డను సభలో ఎవరు నమ్ముతారు?"

శర్మ కాలిన వేళ్ళను నీళ్ళలో ముంచి పళ్ళు బిగబట్టాడు. "రాయిని చూసినవాళ్ళు చెబితే నమ్ముతారు. దాన్ని బట్టీకి ఎక్కించిన మనిషే చెబితే ఇంకా నమ్ముతారు." ఆయన కాటమ్మ వైపు తిరిగాడు. "సభకు వస్తావా అమ్మా?"

"నేనా! నాకేం తెలుసు? అందులో ఏముందో చదవను గూడా రాదే నాకు."

"గుడ్డ అదిమేటప్పుడే వేళ్ళతో చదివాను. చెబుతాను, విను. ఈ గుడ్డ తడిస్తే మసి కరిగిపోతుంది. మనలో ఎవరం మిగులుతామో తెలియదు. తలా ఒక వాక్యం పట్టుకుందాం. మొదటిది నాది. శంఖపాలుల కడపటి ఏలిక మాధవీదేవి. కడుపున పుట్టినవారు లేరు, పెంచుకున్నవారు లేరు, వంశం ఇక్కడితో సరి. ధూమ్రజటుడి దొంగతనం బయటపెట్టడానికి ఇది చాలు. రెండోది నీది. అను. ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ, మన్నూ రాయీ, రాయి కొట్టి బతికేవారికి ఇచ్చాను. ఇచ్చినదాన్ని ఎవరూ తిరిగి అడగరాదు."

కాటమ్మ గడ వెయ్యడం ఆపేసింది. "రాయి కొట్టి బతికేవోళ్ళంటే?"

"మీరే."

"అంటే ఈ దిన్నె, ఈ ఒడ్డు..." ఆమె వెనక్కు తిరిగి కూలిన బట్టీని చూసింది. "అయితే పొద్దుగాల్నించీ నేను కాల్చింది నా పట్టానేనా సామీ?"

ఆమె గడను కసిగా నీళ్ళలో పొడిచింది. పుట్టి నడినదిలోకి దూకింది. "మళ్ళీ చెప్పు. తప్పు పోకుండా చెప్పు" అంది. రెండుసార్లు చెప్పించుకుంది. మూడోసారి ఆమే చెప్పింది.

"మూడోది..." అంటూ శర్మ ఆగాడు.

"నాకివ్వండి" అన్నాడు హేమాంగదుడు.

"అది గుడ్డ మీద లేదు నాయనా. మన పక్షాన నేనూ నువ్వూ తప్ప ఎవరూ ఎరుగరు. నిండుసభలో, మీ తండ్రిగారి ముందు..."

"అందుకే నాకివ్వండి."

ఆ మాట ముగియకముందే నది మీద నీడ పడింది. కూలిన బట్టీ వైపు నుంచి పొగ ముద్దగా వచ్చి, మీదికి రాగానే గద్దలా రెక్కలు చాచింది. ఇనుపగోళ్ళు హేమాంగదుడి రొమ్మును చీరాయి. అతడు దాని కాలు పట్టుకున్నాడు. చేతికి వేడి బూడిద తప్ప ఏమీ చిక్కలేదు. మసిగుడ్డ గద్ద కాళ్ళలో రెపరెపలాడుతూ పైకి, ఇంకా పైకి వెళ్ళి, మండి, రాలిపోయింది.

పుట్టి గిర్రున తిరిగింది. పొగ దిగి రెండు ఒడ్లనూ కప్పేసింది. ఎటు రేవో, ఎటు కొండో తెలియలేదు. ముందు ఎక్కడో నీళ్ళు పాతాళంలోకి పడుతున్నట్టు హోరు.

"నాగకోరల సందు!" అని అరిచింది కాటమ్మ. "నది కొండ కడుపులోకి దూరేది ఈడే. పోయినోళ్ళు తిరిగిరాలేదు!" గడ ఆమె చేతిలోంచి ఎగిరిపోయింది.

"అంచు పట్టుకోండి! మీ మాటలు వదలకండి! చెప్పు కాటమ్మా!" అన్నాడు శర్మ.

ఈ ఒడ్డూ ఆ ఒడ్డూ, మన్నూ రాయీ అంటూ కాటమ్మ గొంతు హోరులో లేచింది. ఒక్క మాటా తప్పు పోలేదు. దాని మీద శర్మ గొంతు తన వాక్యంతో కలిసింది. పుట్టి ముందుకొస నీళ్ళ అంచు దాటి గాలిలోకి లేచింది. కింద చీకటి నోరు తెరుచుకుని ఉంది. రత్నకూట యువరాజు ఒక చేత్తో ముసలాయన నడుమును, ఒక చేత్తో పుట్టి అంచునూ పట్టుకుని, కొండలు మారుమోగేలా అరిచాడు.

"కోట తలుపు తీసినవాడు వీరకంపుడు! నేను అతడి వంశంవాణ్ణి!"

ముగ్గురితో సహా పుట్టి కొండ కడుపులోకి పడిపోయింది.